నూట పన్నెండో డబ్బా

కొత్తపేటలో మా ల్యాబు రెండో అంతస్తు.
కింద మందుల షాపు, పక్కన జిరాక్సు.
గాలి ఇటు తిరిగిన రోజున
యార్డు నుంచి మిర్చి ఘాటు మెట్లెక్కి వస్తుంది.
నా పని మలం పరీక్ష.
పెళ్లిచూపుల్లో మా అమ్మ
"డాక్టర్ల దగ్గర పని" అని దాటేసింది.

ఈ ఏడాది మరుపు జబ్బు వాళ్ల డబ్బాలు వస్తున్నాయి.
డాక్టరమ్మ పరిశోధన మొదలుపెట్టింది:
పేగుల్లో కాపురమున్న కోటానుకోట్ల సూక్ష్మజీవులకీ
పైన తలలోంచి రాలిపోతున్న పేర్లకీ
లెక్క ఏమన్నా కలుస్తుందా అని.
"కలిసేట్టే ఉంది, తేలలేదింకా" అంటుంది.
కొన్ని జాతులు తగ్గుతాయట, కొన్ని పెరుగుతాయట.
మరుపు వచ్చి పేగు మారిందో
పేగు మారి మరుపు వచ్చిందో
ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరట.

కడుపుకీ మెదడుకీ మధ్య ఒక నరం ఉంది, పొడుగాటిది.
బొమ్మలో చూశాను,
బావిలోకి వదిలిన చేదతాడులా ఉంది.
ఎవరు ఎవర్ని తోడుతున్నారో తెలియదు.

నూట పన్నెండో నంబరు బాలశౌరి గారు.
మిర్చి యార్డులో ముప్పయ్యొక్కేళ్లు కాటా గుమస్తా.
టిక్కీ మీద చెయ్యి వేసి కిలోలు చెప్పేవాడట,
ముల్లు అటూ ఇటూ ఊగి
ఆయన మాట దగ్గరికే వచ్చి ఆగేదట.
ఇప్పుడు భార్యని "మీరు ఎవరి తాలూకు?" అని అడుగుతాడు
బస్తాలు దింపుకున్న రైతుని అడిగినట్టు,
మర్యాదగా.

ఇన్నాసమ్మ గారు సంచిలో రెండు డబ్బాలు తెచ్చేది.
ఒకటి పరీక్షకి.
ఒకటి నాకు, పెరుగు.
మొదటిసారి ఏది ఏదో తెలియక గుండె ఆగింది.
"ఎర్ర మూత నీది అమ్మాయ్, భయపడమాక"
అని ఆవిడ నవ్వితే ల్యాబంతా నవ్వింది,
ఎందుకో తెలియకపోయినా బాలశౌరి గారూ నవ్వాడు.

ఆ పెరుగుది పెద్ద కథ.
పెళ్లయిన కొత్తలో అద్దెకి దిగినప్పుడు
పక్కవాటా హుసేన్‌బీ ఇచ్చిన తోడు అది.
నాలుగిళ్లు మారారు, ఒక తుపాను చూశారు,
ఒక బిడ్డని పోగొట్టుకున్నారు.
ఆ రాత్రి కూడా తెగలేదట.
తోడు వేసేది ఆయనే.
గిన్నెలో చిటికెనవేలు ముంచి,
పాల వేడి చూసి,
చెంచా కొసన ఇంత.
పేర్లన్నీ జారవిడిచిన చెయ్యి
ఆ గోరువెచ్చదనాన్ని మాత్రం వదల్లేదు.

"కడుపులో పెట్టుకో" అంటాం కదా,
బయటపడకూడని మాటని, క్షమించాల్సిన మనిషిని.
తలలో పెట్టుకో అనం.
డాక్టరమ్మకి చెబితే
"అది నుడికారం, సాక్ష్యం కాదు" అంది.
నిజమే. రిపోర్టులో రాయలేదు.

జూన్‌లో ఇన్నాసమ్మ గారు జారిపడి తుంటి విరిగింది.
ఇరవై రోజులు పెద్దాసుపత్రి.
ఆయన నల్లపాడులో చెల్లెలింట్లో,
ప్యాకెట్ పెరుగు మీద.
తాళం వేసిన ఇంట్లో గిన్నె ఎండిపోయింది.
చక్రాల కుర్చీలో వచ్చి చెప్పింది,
ఎవరో పోయినప్పుడు చెప్పినట్టు గొంతు తగ్గించి:
"తోడు పోయింది అమ్మాయ్."

అప్పుడు గుర్తొచ్చింది నాకు.
ఉగాది నాడు ఎర్ర మూత డబ్బా అడుగున మిగిలిన చెంచాడుతో
మా అమ్మ పాలు తోడుపెట్టింది.
మా పెరుగు పులుస్తోందని అప్పట్నుంచీ అదే.
ఎక్కడ కడుపులు చేరిందో అక్కడ
నిశ్శబ్దంగా పిల్లల్ని కంటూ
మా ఫ్రిజ్‌లో రెండో అరలో ఉంది
వాళ్ల కాపురం.

మర్నాడు అదే డబ్బాలో తెచ్చాను.
ఇన్నాసమ్మ గారు మూత తీసి వాసన చూసి
మాట్లాడకుండా ఆయన చేతిలో పెట్టింది.
బాలశౌరి గారు రుచి చూడలేదు.
వేలు ముంచలేదు.
అరచేతిలో ఎత్తి, కాస్త ఆడించి,
"నాలుగొందలు. తాలు పోను" అన్నాడు.

ల్యాబు కాటా మీద పెట్టాను.
మూడొందల పది.

ఆవిడ చూసింది. నేను చూశాను.
"రాసుకో" అన్నాడు.
నాలుగొందలు అని రాసుకున్నాను.
తర్వాత తెల్ల మూత డబ్బా తీసుకుని
నంబరు వేశాను, తేదీ వేశాను.